రోగరహిత మండలాలు: చేపల పెంపకంలో నీటికి గీసే సరిహద్దులు

డెన్మార్క్‌లోని జట్లాండ్ ద్వీపకల్పంలో ఎగ్‌ట్వెడ్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పేరు చేపల వైద్యంలో ఒక జబ్బుకు పేరైంది. అది సోకిన రెయిన్‌బో ట్రౌట్ చేపల ఒళ్లు నల్లబడుతుంది, కళ్లు ఉబ్బుతాయి, మొప్పలు పాలిపోతాయి, రెక్కల మొదళ్లలోనూ కండలోనూ నెత్తురు చిమ్ముతుంది. ఆపైన చేపలు గుంపులు గుంపులుగా చస్తాయి. శాస్త్రజ్ఞులు దీన్ని వైరల్ హెమరేజిక్ సెప్టిసీమియా అన్నారు, పొట్టిగా వీహెచ్‌ఎస్. 1960ల మొదట్లో డెన్మార్క్ పరిశోధకులు ఈ వైరస్‌ను వేరుచేసేనాటికి దేశంలో సుమారు 800 ట్రౌట్ ఫారాలు ఉండేవి. వాటిలో చాలావాటికి జబ్బు అంటుకుందనే అంచనా. 1965లో నిర్మూలన కార్యక్రమం మొదలైంది. చివరి కేసు 2009 జనవరిలో బయటపడింది. 2013లో దేశం మొత్తానికి వీహెచ్‌ఎస్ లేదన్న అధికారిక హోదా దక్కింది. మందు లేని, మార్కెట్లో టీకా కూడా దొరకని జబ్బును దాదాపు యాభై ఏళ్ల పట్టుదలతో, ఒక్కో ఏటినీ ఖాళీ చేసి కడుక్కుంటూ వెళ్లగొట్టారు.

ఈ పనికి ఆధారమైన ఆలోచనే రోగరహిత మండలం. ఫలానా నీటి పరిధిలో ఫలానా జబ్బు లేదని పరీక్షలతో రుజువు చేస్తారు. ఆ రుజువుకు ప్రభుత్వ ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఆ పరిధిలోకి వచ్చే ప్రతి చేపా, ప్రతి గుడ్డూ చట్టం అదుపులో ఉంటాయి. పరిధి దేశమంతా కావచ్చు, ఒక నది పరీవాహకం కావచ్చు, ఒకే ఒక్క ఫారం కావచ్చు. హోదా మాత్రం ఏ జబ్బుకు ఆ జబ్బుకే. వీహెచ్‌ఎస్ లేదని గుర్తింపు పొందిన చోట ఇంకో వైరస్ ఉండవచ్చు. అన్ని జబ్బులూ లేని ఫారం అంటూ ఏ చట్టమూ చెప్పదు.

పశువుల జబ్బు వస్తే జిల్లా సరిహద్దులో చెక్‌పోస్టు పెట్టి లారీలు ఆపవచ్చు. చేపల జబ్బుకు జిల్లా హద్దు పట్టదు. ఎగువ ఫారం వదిలిన నీళ్లే దిగువ ఫారానికి ఆధారం. అడవి చేప రాత్రికి రాత్రి ఎదురీది పైకి వస్తుంది. కొంగ ఒక చెరువులో చచ్చిన చేపను ముక్కున కరుచుకుని పక్క చెరువులో పడేస్తుంది. అందుకే ఈ రంగంలో చట్టం రాసేవాళ్లు పటాన్ని పరిపాలనా హద్దులతో గాక నీటి వాలుతో చదవాల్సి వచ్చింది.

ఐరోపా సమాఖ్య 1991 జనవరిలో తెచ్చిన 91/67 ఆదేశం ఈ చదువుకు తొలి పెద్ద రూపం. జబ్బులను అది మూడు జాబితాలుగా విడదీసింది. మొదటి దానిలో సమాఖ్య దేశాలకు అప్పటికి పరాయిదిగా భావించిన ఇన్ఫెక్షియస్ సాల్మన్ అనీమియా, అంటే ఐఎస్‌ఏ ఉంది. రెండో జాబితాలో కొన్ని చోట్ల పాతుకుపోయి, మరికొన్ని చోట్ల అసలు లేని జబ్బులు: చేపల్లో వీహెచ్‌ఎస్, దానికి చుట్టమైన ఐహెచ్‌ఎన్. ఈ రెండో వైరస్ ఉత్తర అమెరికా పడమటి తీరానిది. ఇటలీ, ఫ్రాన్స్‌లలో 1987లో బయటపడింది. మండలాల ఏర్పాటు అంతా ప్రధానంగా ఈ రెండో జాబితా కోసమే. జబ్బు అన్ని చోట్లా ఉంటే మండలంతో పని లేదు, ఎక్కడా లేకపోతే సరిహద్దు దగ్గర దిగుమతిని ఆపితే చాలు. కొంత ఉండి కొంత లేనప్పుడే లోపల గీత గీయాలి.

ఆ గీత ఎక్కడ గీయాలో కూడా ఆదేశమే చెప్పింది. మంచినీటి మండలం అంటే నది పుట్టిన ఊటల నుంచి సముద్రం దాకా మొత్తం పరీవాహకం. అంత చేయలేకపోతే, ఊటల నుంచి మొదలై చేప పైకి ఎక్కలేని ఒక అడ్డు దాకా ఉన్న పై భాగం. ఆ అడ్డు జలపాతం కావచ్చు, ఆనకట్ట కావచ్చు. మండలం ఎప్పుడూ ఎగువనుంచే మొదలవుతుంది, మధ్యలో ఒక ముక్కను కోసి శుభ్రమైందని ప్రకటించడం కుదరదు. నీరు పల్లానికి పారినంత కాలం ఇంతకంటే సరైన సూత్రం ఉండదు. తీరప్రాంత మండలానికి ఇంత తేలికైన కొలత దొరకలేదు. అక్కడ ప్రవాహాలు, ఆటుపోట్లు, ఫారాల మధ్య దూరం చూసుకుని, చుట్టూ కాపలా పట్టీని కలుపుకోవాలి.

చుట్టూ ఉన్న ఏరు జబ్బుతో ఉన్నా ఒక రైతు తన ఫారానికి మాత్రం విడిగా గుర్తింపు తెచ్చుకోవచ్చు. షరతులు గట్టివి. నీళ్లు బావి, బోరు, ఊటల నుంచే రావాలి. ఊట దూరంగా ఉంటే అక్కడినుంచి నేరుగా గొట్టంలో తీసుకురావాలి. దిగువనుంచి చేపలు ఎక్కిరాకుండా అడ్డు ఉండాలి. వరద నీరు పొర్లి లోపలికి రాకుండా రక్షణ ఉండాలి. జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్‌లో, ఇటలీలోని ట్రెంటో కొండలోయల్లో ఇలా ఊటనీటి మీద నడిచే చిన్న ఫారాలు ఒక్కొక్కటిగా గుర్తింపు తెచ్చుకున్నాయి. 2002లో ఐరోపా కమిషన్ ఆ మండలాల, ఫారాల జాబితాలన్నిటినీ ఒకే నిర్ణయపత్రంలోకి చేర్చింది. కొండ ఊట మీద నాలుగు తొట్లు కట్టుకున్న కుటుంబం పేరు, దేశాల పేర్ల సరసన అధికారిక పత్రంలోకి ఎక్కింది. చిన్న రైతుకు ఈ ఏర్పాటు ఇచ్చిన గౌరవం తక్కువేమీ కాదు.

లేదని రుజువు చేయడం ఉందని రుజువు చేయడం కంటే చాలా కష్టం. జబ్బు చేపలు కనిపిస్తే ఒక్కటి చాలు. లేదని చెప్పాలంటే ఎన్ని చేపలు కోసి చూడాలి? లెక్క 150 దగ్గర తేలుతుంది. ఒక ఫారంలో నూటికి రెండు చేపలకు వైరస్ ఉందనుకుంటే, యాదృచ్ఛికంగా 150 చేపలను తీస్తే వాటిలో కనీసం ఒక్కటైనా వైరస్ ఉన్నది దొరికే అవకాశం 95 శాతం. చేపల ఆరోగ్య పరీక్షల్లో ఈ సంఖ్య పదే పదే కనిపించడానికి కారణం ఇదే. అలా ఒక్కసారి తీస్తే సరిపోదు. ఏళ్ల తరబడి వరుసగా తీయాలి. ఎప్పుడు తీస్తున్నారన్నది అంతకంటే ముఖ్యం. వీహెచ్‌ఎస్, ఐహెచ్‌ఎన్ చల్లటి నీటి జబ్బులు. నీరు 14 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడే నమూనాలు తీయాలని నిబంధన. వేసవిలో వెచ్చటి నీటిలో తీసిన వెయ్యి చేపల్లోనూ వైరస్ దొరక్కపోవచ్చు, చలికాలంలో అదే ఫారం ఖాళీ అయిపోవచ్చు. ప్లీహం, మూత్రపిండం ముందు భాగం, గుండె లేదా మెదడు నుంచి ముక్కలు తీసి, పది చేపలకు మించకుండా కలిపి ప్రయోగశాలకు పంపుతారు.

హోదా వచ్చాక అసలు క్రమశిక్షణ రాకపోకల్లో మొదలవుతుంది. 2006లో వచ్చి 2008 ఆగస్టు నుంచి 2021 ఏప్రిల్ దాకా అమలైన 2006/88 ఆదేశం ఈ రాకపోకలను అయిదు తరగతుల నిచ్చెనగా పెట్టింది. ఒకటో తరగతి: జబ్బు లేదని రుజువైనవి. రెండు: ఆ రుజువు కోసం నిఘా కార్యక్రమంలో ఉన్నవి. మూడు: జబ్బు ఉన్నట్టు తెలియదు, లేనట్టు రుజువూ లేదు. నాలుగు: నిర్మూలన సాగుతున్నవి. అయిదు: జబ్బు ఉన్నవి. ఒకటో తరగతి ఫారంలోకి ఒకటో తరగతి చేప మాత్రమే రావాల్సి ఉండేది. అక్కడినుంచి మాత్రం ఎక్కడికైనా వెళ్లే వీలుండేది. రెండు, నాలుగు తరగతుల వాళ్లు కూడా ఒకటో తరగతి నుంచే పిల్లలు తెచ్చుకోవాల్సి ఉండేది. అయిదో తరగతి చేప అయిదో తరగతికే పోవాల్సి ఉండేది. వ్యాపారంలో దీని అర్థం సూటిగా ఉండేది. ఒకటో తరగతి హేచరీకి కొనేవాళ్లు అందరూ, మిగతావాళ్లకు కొందరే. డెన్మార్క్ ట్రౌట్ గుడ్లు కశ్మీర్ హేచరీల దాకా ప్రయాణించడంలో నాణ్యతతోపాటు ఈ హోదా బలం కూడా ఉంది. గుడ్లకు అయొడిన్ ద్రావణంలో కనీసం పది నిమిషాల స్నానం చేయించడం ఈ వ్యాపారంలో మామూలు జాగ్రత్త. గుడ్డు పైపెంకును అంటిన వైరస్‌ను అది చంపుతుంది, లోపల ఉన్నదాన్ని ఏమీ చేయలేదు. అందుకే స్నానం కంటే తల్లి చేప హోదాకే విలువ ఎక్కువ.

సంపాదించడానికి ఏళ్లు పట్టే హోదా పోవడానికి ఒక్క పూట చాలు. అనుమానం రాగానే గుర్తింపు నిలిపేస్తారు. పరీక్షల్లో జబ్బు లేదని తేలితే తిరిగి ఇస్తారు. ఉందని తేలితే రద్దు చేసి, చేపలన్నిటినీ తీసేసి, తొట్లను శుద్ధి చేసి, ఖాళీగా ఎండబెట్టిస్తారు. వీహెచ్‌ఎస్, ఐహెచ్‌ఎన్‌లకు ఆరు వారాలు, ఐఎస్‌ఏకి మూడు నెలలు ఖాళీ ఉంచాలన్నది ఐరోపా నియమం. పక్క ఫారాలు కూడా అదే సమయంలో ఖాళీగా ఉంటేనే ఫలితం. ఒకరు ఎండబెట్టి ఇంకొకరు నింపుకుంటే వైరస్ ఇల్లు మారుస్తుందే తప్ప పోదు. 2006లో ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో నిడ్ నది మీది ఒక ట్రౌట్ ఫారంలో వీహెచ్‌ఎస్ తేలింది. బ్రిటన్ అంతా ఆ జబ్బు లేని దేశంగా ఉన్న రోజులవి. ఆ నది పరిధిని విడదీసి కట్టడి చేయడంతో మిగతా దేశం హోదా నిలిచింది. మండలం ఎందుకో ఆ సంవత్సరం చూపించింది: నష్టాన్ని ఒక నదికి పరిమితం చేయగలిగారు. డెన్మార్క్‌కు మాత్రం 2021 మేలో ఇంకో దెబ్బ తగిలింది. వీహెచ్‌ఎస్‌ను గెలిచిన ఆ దేశంలో మొదటిసారిగా ఐహెచ్‌ఎన్ బయటపడి, ఫారం తర్వాత ఫారంలో కనిపించింది.

సముద్రంలో ఈ గీతలు ఇంకా బలహీనం. 1988, 89ల్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రంనుంచి తిరిగొచ్చిన సాల్మన్‌లలో వీహెచ్‌ఎస్ వైరస్ దొరికింది. ఆ తర్వాత వెదికినకొద్దీ కాడ్, హెర్రింగ్ లాంటి సముద్రపు చేపల్లోనూ కనిపించింది. అంతవరకూ ఫారాల జబ్బు అనుకున్నది సముద్రంలో చాలా చోట్ల సహజంగానే తిరుగుతోందని అర్థమైంది. 1994లో స్కాట్లండ్ పడమటి తీరంలోని గిఘా దీవిలో టర్బట్ చేపల ఫారానికి అది సోకింది. 1998లో అదే స్కాట్లండ్‌లో ఐఎస్‌ఏ బయటపడింది. రెండు సందర్భాల్లోనూ చేపలను చంపేయమన్నారు. యజమానులకు పరిహారం ఇవ్వలేదు. రెండు కంపెనీలు కోర్టుకెళ్లాయి. బుకర్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 2003 జులైలో ఐరోపా న్యాయస్థానం, జబ్బు నివారణ కోసం చేపలను నాశనం చేయించినప్పుడు పరిహారం ఇచ్చి తీరాలని సమాఖ్య చట్టం చెప్పడం లేదని తీర్పిచ్చింది.

చట్టప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు, ఆచరణలో మాత్రం అది పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఈ ఏర్పాటు అంతా నిలబడేది రైతు చెప్పే మాట మీద. చేపలు తేలుతున్నాయని మొదట చూసేది అతనే. చెప్పిన మరుక్షణం తొట్లు ఖాళీ చేసి, చేతిలో రూపాయి పెట్టకుండా పంపుతారని తెలిస్తే ఎంతమంది ఫోను చేస్తారు? కడుపు కొట్టే నియమం జబ్బును దాచిపెట్టమని రైతుకు నేర్పుతుంది. పరిహారానికి పెట్టే ఖర్చును దానంగా గాక నిఘా ఖర్చుగా లెక్కవేసిన చోటే మండలం నిలుస్తుంది.

గీతలు లేకపోతే ఏమవుతుందో చిలీ చూపించింది. 2007 జులైలో చిలోయె దీవి దగ్గర ఒక ఫారంలో ఐఎస్‌ఏ ఉన్నట్టు నిర్ధారించారు. ఫియర్డుల్లో వలపంజరాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పిల్లలు, పెద్ద చేపలు పక్కపక్కనే పెరుగుతున్నాయి. పడవలు, వలలు, మనుషులు ఫారం నుంచి ఫారానికి తిరుగుతున్నారు. రెండు మూడేళ్లలో అట్లాంటిక్ సాల్మన్ దిగుబడి దాదాపు మూడో వంతుకు పడిపోయింది, 2008లో 3.8 లక్షల టన్నులకు పైన ఉన్నది 2010లో 1.2 లక్షల టన్నుల దగ్గరికొచ్చింది. వేలమందికి పని పోయింది. ఆ తర్వాతే అక్కడ ఫారాలను ఇరుగుపొరుగు బృందాలుగా కట్టి, బృందంలో అందరూ ఒకేసారి పెంచి, ఒకేసారి పట్టి, ఒకేసారి నీటిని ఖాళీగా వదిలే పద్ధతి తెచ్చారు. అంతకుముందే ఐఎస్‌ఏతో కుదేలైన ఫారో దీవులు 2003 నుంచి ఇదే దారి పట్టి, ఒక ఫియర్డులో ఒకే తరం చేప అన్న నియమంతో మళ్లీ లేచాయి.

అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. 2005లో ఒంటారియో సరస్సులో చేపలు పెద్ద ఎత్తున చచ్చాయి. వీహెచ్‌ఎస్‌లో ఒక కొత్త రకం దానికి కారణమని తేలింది. 2006 అక్టోబరులో అమెరికా వ్యవసాయ శాఖ ఎనిమిది రాష్ట్రాలనుంచి, కెనడాలోని రెండు ప్రావిన్సులనుంచి 37 జాతుల బతికున్న చేపల రవాణాను ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. ఎప్పుడూ జబ్బు చూడని ఫారాలు కూడా ఆగిపోయాయి. రైతులు మొత్తుకోవడంతో నెల తిరిగేసరికి ఉత్తర్వును సవరించి, పరీక్షలో నెగ్గిన చేపలకు దారి ఇచ్చారు. ఫారాలకు ముందునుంచే విడి హోదాలు ఇచ్చి ఉంటే ఆ రైతులకు అంత కష్టం వచ్చేది కాదు.

ఈ హోదాలకు అంతర్జాతీయ వాణిజ్యంలో బలం రెండు చోట్లనుంచి వస్తుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995 నాటి ఆరోగ్య ఒప్పందంలోని ఆరో అధికరణం, దేశమంతటినీ ఒక గాటన కట్టకుండా జబ్బు లేని ప్రాంతాలను గుర్తించాలని సభ్యదేశాలకు చెబుతుంది. పారిస్‌లో 1924లో పుట్టిన ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 1995 నుంచి జలచరాల ఆరోగ్య నియమావళి ప్రచురిస్తోంది. మండలంతోపాటు 'కంపార్ట్‌మెంట్' అనే మరో ఏర్పాటును అది వివరిస్తుంది. మండలానికి హద్దు భూగోళం, కంపార్ట్‌మెంట్‌కు హద్దు యాజమాన్యం. ఒకే జీవభద్రత పద్ధతి కింద నడిచే ఫారాలు వేర్వేరు చోట్ల ఉన్నా ఒకే హోదా పొందవచ్చు. ఒక విషయం మాత్రం గమనించాలి. గాలికుంటు లాంటి కొన్ని పశువ్యాధులకు ఆ సంస్థే హోదా ఇస్తుంది. చేపల జబ్బులకు దేశం తనంతట తాను ప్రకటించుకోవాలి, రుజువులు బయట పెట్టాలి. కొనే దేశం నమ్మితేనే దానికి విలువ. ఐరోపా సమాఖ్య కూడా 2021 ఏప్రిల్ 21 నుంచి పాత ఆదేశాల స్థానంలో భూచరాలకూ జలచరాలకూ కలిపి ఒకే జంతు ఆరోగ్య చట్టాన్ని అమలు చేస్తోంది. మండలం, కంపార్ట్‌మెంట్ అన్న మాటలు అందులోనూ కొనసాగుతున్నాయి.

ఆంధ్ర తీరం ఈ చర్చలోకి చేప ద్వారా గాక రొయ్య ద్వారా ప్రవేశించింది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ తూర్పు తీరంలో టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చేసింది. నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా అప్పులు తెచ్చి చెరువులు తవ్విన కుటుంబాలు ఆ దెబ్బను ఇప్పటికీ తలుచుకుంటాయి. 2009లో వెన్నామీ రొయ్యకు కేంద్రం అనుమతి ఇచ్చినప్పుడు షరతు ఒకటే గట్టిగా పెట్టింది: నిర్దేశిత వ్యాధికారకాలు లేవని ధ్రువీకరించిన తల్లి రొయ్యలనే దిగుమతి చేయాలి, అవన్నీ చెన్నై నీలాంకరైలోని జలచర క్వారంటైన్ కేంద్రం గుండానే రావాలి. ఒకటే తలుపు, దాని దగ్గర పరీక్ష. విశాఖపట్నం దగ్గర బంగారమ్మపేటలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం నడిపే తల్లి రొయ్యల ఉత్పత్తి కేంద్రం కూడా కంపార్ట్‌మెంట్ ఆలోచనకు దగ్గరగా ఉండేదే. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని 2023లో సవరించినప్పుడు ఇలాంటి కేంద్రాలను దాని పరిధిలోకి తెచ్చారు.

చిక్కల్లా ఆ తలుపు దాటాకే. హేచరీ నుంచి వచ్చిన సీడు ఎంత శుభ్రమైనదైనా చెరువు నీటిలో పడగానే ఆ హోదా అక్కడితో ముగుస్తుంది. శుభ్రమైన రొయ్య అంటే జబ్బును తట్టుకునే రొయ్య అని కొందరు రైతులు అనుకుంటారు; ఆ రెండూ వేరు. వెన్నామీ చెరువుల చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పక్షులు వాలకుండా వల, విడిగా రిజర్వాయరు చెరువు, వదిలే నీటికి శుద్ధి ఉండాలని నియమాలు చెబుతున్నాయి. నాలుగెకరాల రైతు అందులో ఒక ఎకరాన్ని రిజర్వాయరుకు వదలాలంటే పంట నాలుగో వంతు వదులుకున్నట్టే. డెల్టాలో ఒకరి తూము నుంచి డ్రెయిన్‌లోకి వెళ్లిన నీటినే కింద ఇంకొకరు మోటారు పెట్టి తోడుకుంటారు. కొల్లేరు చుట్టూ చేపల చెరువులదీ ఇదే పరిస్థితి. సరస్సులోకి అన్ని వైపులనుంచీ వాగులూ డ్రెయిన్లూ దిగుతాయి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1988లో ఈశాన్య భారతంలో అడుగుపెట్టిన పుండ్ల జబ్బు ఆ తర్వాత రాష్ట్రం వెంట రాష్ట్రం పాకినప్పుడు దాన్ని ఆపే గీత ఎక్కడా లేదు. ఐరోపా లెక్కన ఊటనుంచి అడ్డుదాకా మండలం గీయాలంటే డెల్టాలో ఊటా లేదు, అడ్డూ లేదు.

కనుక ఇక్కడ పని మండలంతో గాక హేచరీతో మొదలవడమే సబబు. బోరు నీరు, మూసిన తొట్లు, నమోదైన తల్లి చేపలు, ఏళ్ల తరబడి పరీక్షల రికార్డు: ఇవి ఒక హేచరీ పరిధిలో సాధ్యం. రొయ్యకు ఆ బాట కొంత పడింది. బొచ్చె, రోహు, తిలాపియా పిల్లలకు అంత గట్టి ఏర్పాటు లేదు. తిలాపియా సరస్సు వైరస్ భారతదేశంలోనూ బయటపడ్డాక ఆ లోటు చిన్నది కాదు. 2013లో లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ ముందుండి నడిపిన జాతీయ జలచర వ్యాధుల నిఘా కార్యక్రమం జబ్బు ఎక్కడుందో చెప్పే పని మొదలుపెట్టింది. ఎక్కడ లేదో చెప్పాలంటే అదే ప్రయోగశాలలు అవే హేచరీలకు ఏడాదికేడాది, సరైన కాలంలో, సరిపడా చేపలతో వెళ్లాలి. ఫలితాలు రైతుకు కనిపించేలా పెట్టాలి. పిల్లలు కొనడానికి వచ్చిన రైతు ధరతోపాటు ఆ రికార్డు కూడా అడిగి చూసుకునే వీలుండాలి.